ముట్టని పిండం, విడవని పంతం: ‘బలగం’ చలనచిత్రం – పల్నాటి వీరగాథా నేపథ్యంలో దృశ్యానుశీలన

ప్రస్తావన

మరణించిన వ్యక్తికి పెట్టిన పిండాన్ని కాకి ముట్టడం ఆ వ్యక్తి తృప్తికి గుర్తు అనే విశ్వాసం తెలుగు ప్రాంతాలలో విస్తృతంగా ఉంది. కృష్ణకు ఈవల రెంటచింతల, గురజాల, మాచర్ల ప్రాంతాలలో ‘కాకి ముట్టింది’ అంటారు. నది దాటి తెలంగాణలోకి వెళితే ‘పిట్ట ముట్టింది’ అంటారు. మాట మారినా నిరీక్షణ మారదు. విస్తరి ముందుంచి, బంధువులందరూ దూరంగా జరిగి, చెట్ల వైపు చూస్తూ నిలబడతారు. ఆ కొద్ది నిమిషాలలో ప్రతి ఒక్కరూ పోయినవారికి తాము చేసినదీ చేయనిదీ మనసులో లెక్క చూసుకుంటారు.

ఈ నిరీక్షణనే ఇతివృత్తంగా చేసుకున్న చిత్రం ‘బలగం’. హాస్యనటుడిగా ప్రసిద్ధుడైన వేణు యెల్దండి దర్శకత్వం వహించిన తొలి చిత్రమిది. 2023 మార్చి 3న విడుదలైంది. ఆచార్య వేణు ఛాయాగ్రహణం, భీమ్స్ సిసిరోలియో సంగీతం, కాసర్ల శ్యామ్ గీతరచన అందించారు. 71వ జాతీయ చలనచిత్ర పురస్కారాలలో ‘ఊరు పల్లెటూరు’ పాటకు కాసర్ల శ్యామ్ ఉత్తమ గీతరచయితగా ఎంపికయ్యారు. పెద్ద తారలు లేకుండా, ఒక ఊరిని, ఒక ఇంటిని, పదకొండు రోజుల కాలాన్ని దాటకుండా నడిచే ఈ కథనం సమాంతర చిత్రాల మితవ్యయ శిల్పానికి దగ్గరగా ఉంటుంది.

ఈ చిత్రాన్ని తెలంగాణ సంస్కృతికి దర్పణంగా ప్రశంసించడం సహజమే. అయితే దీనిని పల్నాటి నుంచి చూసినప్పుడు మరొక పార్శ్వం కనిపిస్తుంది. అన్నదమ్ముల వైరం, భోజనంతో ముడిపడిన మర్యాద, ఇరుపక్షాల మధ్య నలిగిన అల్లుడు, పోయినవారిని పాడే వృత్తిగాయకులు అనే నాలుగు అంశాలూ పల్నాటి వీరగాథకు మూలస్తంభాలు. ‘బలగం’ కథకు ఆధారం కూడా ఈ నాలుగే. అయితే పల్నాటి గాథ వైరాన్ని యుద్ధం దాకా తీసుకువెళ్లి వీరులను స్మరించగా, ‘బలగం’ అదే వైరాన్ని పాట ముందు నిలబెట్టి కరిగిస్తుంది. ఆ కరుగుదల ఎంతవరకు పరిష్కారం, ఎంతవరకు ఉపశమనం అన్నది చిత్రాన్ని దృశ్యక్రమంలో పరిశీలించి నిర్ణయించవలసిన విషయం.

1. బతికిన మనిషి

చిత్రం కొమురయ్య (సుధాకర్ రెడ్డి) నడకతో ఊపందుకుంటుంది. ఆయన ఊరిలో తిరుగుతాడు, ఎదురైన వారినల్లా పలకరిస్తాడు, పరిహాసమాడతాడు. కథాపరంగా ఈ దృశ్యాలలో జరిగేది ఏమీ లేదు. కథ కదలడం లేదన్న భావన ప్రేక్షకునికి కలిగినా అది దోషం కాదు. ఆ తరువాత మిగిలిన చిత్రమంతా ఈ మనిషి లేకుండానే నడవాలి. ఆయన లేని లోటు ప్రేక్షకునికి తెలియాలంటే ఆయన ఉనికి ముందుగా అలవాటు కావాలి. దర్శకుడు ఆ అలవాటును కొద్ది నిమిషాలలోనే కలిగిస్తాడు.

ఇందులో ఒక సూక్ష్మమైన విరోధం కూడా ఉంది. ఊరంతటితో మాటలాడే మనిషికి సొంత సంతానమంతా ఒకచోట లేదు. పెద్దకొడుకు ఐలయ్య (జయరాం) ఇంట్లో ఉంటాడు. చిన్నకొడుకు మొగిలయ్య సూరత్‌లో స్థిరపడ్డాడు. కూతురు లక్ష్మి పుట్టింటి గడప తొక్కి రెండు దశాబ్దాలైంది. సిరిసిల్ల ప్రాంతపు చేనేత కుటుంబాల నుంచి సూరత్, భివండి నగరాలకు సాగిన వలసల చరిత్ర తెలిసినవారికి మొగిలయ్య దూరం ఒక్క ఇంటి కథగా అనిపించదు. ఊరిని పలకరించే ఆ పరిహాసం సొంత ఇంటి మౌనాన్ని కప్పిపుచ్చే తెర అని రెండవసారి చూసినప్పుడు తెలుస్తుంది.

2. చావు, అప్పు

కొమురయ్య మనుమడు సాయిలు (ప్రియదర్శి) వ్యాపారాలలో నష్టపోయి అప్పులలో కూరుకుపోయాడు. కుదిరిన పెళ్లి ద్వారా వచ్చే కట్నంతో వాటిని తీర్చాలని అతని ఆశ. సరిగ్గా ఆ సమయంలో తాత మరణిస్తాడు. చావు వార్త విన్న సాయిలు ముఖంలో తొలుత కనిపించేది దుఃఖం కాదు, లెక్క తప్పిందన్న ఆందోళన.

కథానాయకుని ఇంత అల్పంగా పరిచయం చేయడం వల్లనే అతని పరివర్తన విశ్వసనీయమవుతుంది. రసదృష్టితో చూస్తే ఈ భాగంలో హాస్యం, కరుణం ఒకదానికొకటి అడ్డురావు. ఏడుపుల మధ్య పుకార్లు, పాడె పనుల మధ్య వ్యంగ్యాలు, పరామర్శల మధ్య బాకీల ప్రస్తావనలు నడుస్తుంటాయి. చావింటికి వెళ్లి వచ్చిన వారెవరికైనా ఇది అతిశయోక్తి అనిపించదు. జపాన్ నటుడు జూజో ఇతామీ 1984లో తన తొలి దర్శకత్వ ప్రయత్నంగా అంత్యక్రియలనే తీసుకుని, మూడు రోజుల కర్మకాండలోని హాస్యాన్ని చిత్రించాడు. రామ్ రెడ్డి కన్నడ చిత్రం ‘తిథి’ (2015) నూటొక్క ఏళ్ల వృద్ధుని మరణం నుంచి పదకొండవ దినం వరకు సాగుతుంది. ఈ మూడూ తొలి చిత్రాలు కావడం గమనించదగినది. చావిల్లు దర్శకునికి సహజమైన రంగస్థలాన్ని సమకూరుస్తుంది. పాత్రలన్నీ వాటంతట అవే ఒకచోటికి వస్తాయి, వెళ్లిపోవడానికి వీలుండదు. అయితే ‘తిథి’ దుఃఖానికి దూరంగా నిలిచి చూస్తుంది. ‘బలగం’ ఆ దూరాన్ని మెల్లమెల్లగా చెరిపివేస్తుంది.

3. ఆడబిడ్డ రాక

చిత్రంలోని అత్యంత బలమైన దృశ్యాలలో లక్ష్మి (రూపలక్ష్మి) రాక ఒకటి. తండ్రి బతికి ఉన్నప్పుడు రాలేకపోయిన కూతురు తండ్రి శవం దగ్గరకు వస్తుంది. ఆమె ఏడుపులో రెండు దుఃఖాలు కలిసిపోయాయి. ఒకటి తండ్రి పోయినందుకు, రెండవది ఇన్నేళ్లు పోగొట్టుకున్నందుకు. ఆమె భర్త నారాయణ (మురళీధర్ గౌడ్) మాత్రం బిగుసుకుపోయిన ముఖంతో ఎడంగా ఉంటాడు. భార్య దుఃఖంలో కుమిలిపోతుంటే భర్త మర్యాద కోసం ఎదురుచూస్తాడు. ఒకే చావింట్లో ఈ రెండు రకాల నిరీక్షణలను పక్కపక్కన చూపించడంలో దర్శకుని పరిశీలన కనిపిస్తుంది.

అల్లుడి స్థానం తెలుగు కుటుంబంలో ఎప్పుడూ సున్నితమైనదే. పల్నాటి గాథలో అలరాజు నలగామరాజుకు అల్లుడు, పేరిందేవికి భర్త. మాచర్ల పక్షాన రాయబారిగా మామగారి దగ్గరకు వచ్చి విషప్రయోగానికి బలవుతాడు. ఆ మరణంతో సంధికి చోటు లేకుండా పోయింది. రెండు ఇళ్లను కలపవలసిన మనిషి పోవడమే యుద్ధానికి దారి అయింది. ‘బలగం’లో నారాయణ బతికే ఉన్నాడు, కాని రెండు ఇళ్లను కలపవలసిన పాత్రను ఇరవై ఏళ్లుగా నిరాకరిస్తూ వచ్చాడు. రెండు కథలలోనూ నష్టం స్త్రీకే. పేరిందేవి భర్త చితి ఎక్కింది. లక్ష్మి తండ్రి చితి వరకు రాలేకపోయింది.

సాయిలు దృష్టి మేనత్త కూతురు సంధ్య (కావ్య కల్యాణ్‌రామ్) మీద పడడం కూడా ఇక్కడే మొదలవుతుంది. నారాయణ ఆస్తి తన అప్పులకు పరిష్కారమన్న ఆలోచనే అతని ఆకర్షణకు తొలి కారణం. పాత మేనరికపు సంబంధం అతనికి కొత్త లెక్కగా కనిపిస్తుంది. ఈ స్వార్థాన్ని దర్శకుడు దాచిపెట్టకపోవడం వల్ల చిత్రం సులభమైన ప్రేమకథగా మారే ప్రమాదం చాలా మేరకు తప్పింది.

4. మూడవ దినం

మూడవ దినాన పిండం పెట్టారు. పిట్ట రాలేదు. ఇక్కడి నుంచి కథ గతి మారుతుంది. అంతవరకు మరణం ఒక సంఘటన. ఇప్పుడది ఒక ప్రశ్నగా మారింది. పోయిన మనిషికి ఏం కావాలి?

ఈ ప్రశ్నకు ఊరు, బంధువులు ఇచ్చే సమాధానాలన్నీ వస్తురూపంలో ఉంటాయి. ఆయన ఇష్టపడి తిన్నదేమిటి, తాగినదేమిటి అని వెతుకుతారు. ఈ వెతుకులాటలో హాస్యం ఉంది, ప్రేమ కూడా ఉంది. ఆ మనిషి ఇష్టాలు వారికి తెలుసు, ఆయన బాధ మాత్రం తెలియదు. ఖాళీ కొమ్మలను, కదలని విస్తరిని, ఎదురుచూసే ముఖాలను మార్చి మార్చి చూపడం ద్వారా దర్శకుడు ఒక పక్షి లేకపోవడాన్నే నాటకీయ సంఘటనగా మలిచాడు. సంభాషణలు తగ్గిన ఈ చోట చిత్రం తన భాషను పూర్తిగా దృశ్యానికి అప్పగించింది.

దీనిని మూఢవిశ్వాస ప్రచారంగా కొందరు భావించవచ్చు. కాని కాకి మహిమను నిరూపించడం చిత్రం ఉద్దేశమని చెప్పడానికి కథనంలో ఆధారం తక్కువ. కాకి రాకపోవడం వల్ల మనుషులు ఒకరినొకరు ప్రశ్నించుకోవలసి రావడమే దర్శకునికి ముఖ్యం. రెంటచింతలలో తరతరాలుగా కతోలిక విశ్వాసులు ఉన్నారు. పిండం పెట్టే ఆచారం లేని ఇళ్లలో కూడా నవంబరు 2న సమాధుల దగ్గర కొవ్వొత్తులు వెలిగిస్తారు. పోయినవారితో మన లెక్క ముగిసిందా అన్న ప్రశ్న ఆ కొవ్వొత్తుల దగ్గరా ఉంటుంది. ఆచారం వేరైనా చిత్రం అడిగే ప్రశ్న అక్కడా అర్థమవుతుంది.

5. నల్లి బొక్క, చాపకూడు

రెండు దశాబ్దాల వైరానికి మూలం గతదృశ్యాలలో బయటపడుతుంది. ఒక విందులో అల్లుడిగా తనకు దక్కవలసిన నల్లి బొక్క తనకు దక్కలేదని నారాయణ అలిగాడు. పల్నాటిలో మూలుగ బొమిక అనే ఆ చిన్న ఎముక కోసం ఒక కూతురు ఇరవై ఏళ్లు పుట్టింటికి దూరమైంది. ఈ సంగతి వెల్లడయ్యే తీరులో హాస్యం ఉన్నందున ప్రేక్షకుడు నవ్వుతాడు. ఇంతటి చిన్న విషయానికి ఇంత శిక్షా అన్న బాధ ఆ నవ్వు వెంటనే వస్తుంది.

విందులో వడ్డన వరుస, ముక్క పరిమాణం, ఎవరిని ముందు పిలిచారన్నది తెలుగు సమాజంలో గౌరవానికి కొలమానాలు. నల్లి బొక్క ఇక్కడ మాంసపు ముక్క మాత్రమే కాదు, అల్లుడి హోదాకు గుర్తు. ఆ హోదా అందరి ముందూ తగ్గిందన్న భావన పంతంగా గట్టిపడింది. కోడిపందెం పల్నాటి వైరానికి కారణమని గాథ చెప్పినప్పుడు కూడా వినేవారు కోడిని మాత్రమే చూడరు. సవతి సోదరులైన నలగామరాజు, మలిదేవరాజుల మధ్య రాజ్యభాగం, నాయకురాలు నాగమ్మ, బ్రహ్మనాయుడుల మధ్య అధికార స్పర్ధ ఆ పందెం వెనుక ఉన్నాయి. పందెంలో ఓడి మాచర్ల పక్షం ఏడేళ్లు వలసపోయింది. చిన్న కారణాలు పెద్ద వైరాలకు ముఖద్వారాలు మాత్రమే. ‘బలగం’లో కూడా ఎముక వెనుక అన్నదమ్ముల పొత్తు, ఆస్తి, బావల మధ్య అహంకారం ఉన్నాయి.

పల్నాటి గాథలో భోజనానికి మరొక ముఖం కూడా ఉంది. బ్రహ్మనాయుడు కులభేదం లేకుండా అందరినీ ఒకే చాపపై కూర్చోబెట్టి తినిపించిన చాపకూడు కారంపూడి వీరారాధన ఉత్సవాలలో నేటికీ స్మరణలో ఉంది. అక్కడ భోజనం మనుషులను కలిపింది, ఇక్కడ విడదీసింది. విడదీసిన భోజనానికి విరుగుడు మరొక భోజనమే కావాలన్నట్లుగా చిత్రం పిండం చుట్టూ తిరుగుతుంది. బతికినవారి విస్తట్లో మొదలైన తగవు పోయినవారి విస్తరి ముందు తీరాలి. కథలోని ఈ అమరిక యాదృచ్ఛికం కాదు. చిత్ర నిర్మాణమంతా దీనిమీదే నిలిచింది.

6. ఐదవ దినం

ఐదవ దినాన కూడా పిట్ట ముట్టదు. ఇంటి విషయం ఇప్పుడు ఊరి విషయమైంది. పదకొండవ దినానికీ ముట్టకపోతే అది ఊరికే అరిష్టమని, ఆ కుటుంబానికి వెలి తప్పదని పెద్దలు తీర్పు చెబుతారు. తొలి దృశ్యాలలో ఆప్యాయంగా కనిపించిన ఊరే ఇక్కడ భయపెట్టే శక్తిగా నిలిచింది. ‘ఊరు పల్లెటూరు’ పాటలోని పల్లె సౌందర్యాన్ని మాత్రమే గుర్తుంచుకునేవారు ఈ దృశ్యాన్ని మరచిపోతారు. పల్లెను ప్రేమిస్తూనే దాని నిర్బంధాన్ని చూపడం ఈ చిత్రానికి ఉన్న నిజాయితీ.

ఒత్తిడి పెరిగినకొద్దీ తగవులూ పెరుగుతాయి. ఐలయ్య, మొగిలయ్య, నారాయణ ముగ్గురూ తప్పు మరొకరిదేనని నమ్ముతారు. ఈ ముగ్గురిలో ఎవరినీ దర్శకుడు దుర్మార్గునిగా చిత్రించలేదు. ముగ్గురికీ వారి వారి న్యాయం ఉంది. సాయిలు మాత్రం ఈ దశలో తాత బాధ ఏమిటో గ్రహించడం మొదలుపెడతాడు. తాతకు కావలసింది విస్తట్లో పెట్టే వస్తువు కాదు, పిల్లలంతా ఒకచోట చేరడం. అప్పు తీర్చుకోవడానికి కుటుంబాన్ని వాడుకోవాలనుకున్న యువకుడు కుటుంబానికి తాను పడిన అప్పును గుర్తిస్తాడు. ప్రియదర్శి నటన ఈ మార్పును ఒక్క దృశ్యంలో ప్రకటించక, మాట తగ్గించి, చూపు మార్చి క్రమంగా నిరూపించింది.

7. పదకొండవ దినం: పాట

పతాక సన్నివేశంలో బుడగ జంగాల గాయకులు వచ్చి కొమురయ్యను పాడతారు. ఈ పాత్రలలో నటులు కాక, ఆ కళను జీవితంగా చేసుకున్న ఓరుగల్లు ప్రాంతపు పస్తం మొగిలయ్య, కొమురమ్మ దంపతులే కనిపించడం ఈ సన్నివేశానికి ప్రాణం. 2024 డిసెంబరులో మొగిలయ్య మరణించడంతో ఈ దృశ్యం ఒక కళాకారుని చివరి జ్ఞాపకంగా కూడా మిగిలింది.

ఇక్కడ దర్శకుడు తీసుకున్న నిర్ణయాలు మూడు. కథ ముగింపును సంభాషణకు గాక పాటకు అప్పగించాడు. ఆ పాటను నేపథ్యంలో ఉంచక, బంధువుల కళ్లముందు, వారిని సంబోధిస్తూ పాడించాడు. పాట సాగుతున్నంతసేపూ వినేవారి ముఖాలపైనే దృష్టి నిలిపాడు. గాయకులు పోయిన మనిషి తరఫున మాట్లాడుతున్నారు. కాకి చెప్పలేనిది వారు చెబుతున్నారు. సంతానం, తోబుట్టువులు తమ పేర్లను, తమ సంబంధాలను మరొకరి గొంతులో విన్నప్పుడు వాదించడానికి వారికి అవకాశం లేదు. పాటకు ఎదురు జవాబు చెప్పలేరు. పంతాలు కరిగి, ఒకరినొకరు పట్టుకుని ఏడుస్తారు. చివరకు పిట్ట ముడుతుంది.

ఇదే సంప్రదాయం పల్నాటిలో మరొక రూపంలో ఉంది. కారంపూడిలో ఏటా కార్తిక అమావాస్యతో ముడిపడి రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్ళిపాడు అనే ఐదు దినాల వీరారాధన జరుగుతుంది. వీరవిద్యావంతులు ఆ గాథను గానం చేస్తారు. శ్రీనాథునికి ఆపాదితమైన ద్విపద కావ్యాన్ని అక్కిరాజు ఉమాకాంతం 1911లో పరిష్కరించి ప్రచురించారు. మౌఖిక గాథను సేకరించి అధ్యయనం చేసిన జీన్ రోఘేర్ గ్రంథం 1982లో వెలువడింది. గ్రంథస్థమైన తరువాత కూడా గాథకు ఆధారం గాయకుని గొంతే. పోయినవారిని పాడే హక్కు వంశానికి గాక గాయకునికి ఉండడం రెండు సంప్రదాయాలకూ సమానం. బంధువు కాని వ్యక్తి బంధువులకు వారి కథను చెప్పడం వల్ల ఆ కథకు సాక్ష్యపు విలువ వస్తుంది.

భేదం ఫలితంలో ఉంది. కారంపూడిలో పాట వైరాన్ని మరువనివ్వదు. ఇరుపక్షాల వీరులకూ స్మరణ ఉంటుంది గాని, జరిగినది జరగనట్లు కాదు. అక్కడ పాట వినేవారు ఎనిమిది శతాబ్దాలకు పైగా తరువాతివారు, సరిదిద్దుకునే అవకాశం లేనివారు. ‘బలగం’లో పాట వినేవారే వైరానికి బాధ్యులు. సరిదిద్దుకోవడానికి వారికింకా వ్యవధి ఉంది. పాట సకాలంలో వినిపించడమే ఈ చిత్రం కల్పించిన అదృష్టం.

8. పాట తీర్చనిది

అయితే విమర్శ ఇక్కడ ఆగకూడదు. కన్నీరు పంతాన్ని కరిగించింది. ఆ పంతం ఇన్నేళ్లు ఎవరి జీవితాన్ని తినివేసిందో ఆ లక్ష్మికి ఏం తిరిగి వచ్చింది? అలిగినది భర్త, పట్టుదల చూపినది అన్న, శిక్ష అనుభవించినది ఆమె. ఇరవై ఏళ్లలో ఒక్కనాడైనా తానే బయలుదేరి తండ్రిని చూసి రావడానికి ఆమెకు ఏది అడ్డు వచ్చిందన్న ప్రశ్నను చిత్రం లోతుగా అడగలేదు. ఆమె దుఃఖాన్ని అద్భుతంగా చూపింది గాని, ఆమె కోపాన్ని తగినంత వినిపించలేదు. రాజీ బావల మధ్య కుదిరిన తరువాత ఆమె ఆనందం దానంతటదే వస్తుందన్న భావన కథలో ఉంది.

ఆస్తి విషయంలోనూ ఇదే జరిగింది. ఉమ్మడి ఆస్తిలో కుమార్తెల హక్కును 1986లో ఆంధ్రప్రదేశ్ శాసనం, 2005లో దేశవ్యాప్తంగా వారసత్వ చట్ట సవరణ గుర్తించాయి. పుట్టింటితో సంబంధం నేటి తెలుగు కుటుంబాలలో ఆప్యాయతకు మాత్రమే సంబంధించిన విషయం కాదు. ‘తిథి’ చావు చుట్టూ భూమి తగవును చివరివరకు విడువలేదు. ‘బలగం’ దానిని కన్నీటిలో కరిగించి పక్కన పెట్టింది. విడుదలైన తరువాత తెలంగాణలోని పలు గ్రామాలలో ఊరంతా ఒకచోట చేరి తెరకట్టి ఈ చిత్రాన్ని చూసిన సందర్భం ప్రసిద్ధం. అంతటి ప్రభావం ఉన్న కథ అడగకుండా వదిలిన ప్రశ్నకు కూడా అంతే ప్రాధాన్యం ఉంటుంది. ఆ తెర ముందు కూర్చున్న ఆడబిడ్డలలో లక్ష్మి వంటివారు తప్పక ఉంటారు.

ముగింపు

‘బలగం’ గొప్పదనం పరిష్కారంలో గాక నిరీక్షణలో ఉంది. ఖాళీ కొమ్మ వైపు చూస్తూ నిలబడిన కుటుంబాన్ని మూడుసార్లు చూపి, మొదటిసారి కుతూహలం, రెండవసారి భయం, మూడవసారి పశ్చాత్తాపం ప్రేక్షకునికి కలిగించడం దర్శకుని ప్రధాన విజయం. అదే విస్తరి, అదే ఆకాశం, అవే ముఖాలు. మారినది చూసేవారి మనసు మాత్రమే.

పల్నాటి గాథతో కలిపి చదివినప్పుడు ఈ చిత్రం స్థానం మరింత స్పష్టమవుతుంది. ఒకటి సంధి విఫలమైన కుటుంబాల కథ, మరొకటి చివరి ఘడియలో సంధి కుదిరిన కుటుంబం కథ. మొదటి కథను ఏటా వినే ప్రాంతపు ప్రేక్షకునికి రెండవ కథలోని సంధి ఎంత అరుదైనదో, ఎంత తేలికగా తప్పిపోయి ఉండేదో తెలుస్తుంది. కొమురయ్య బతికి ఉండగా పలకరించవలసినవారు ఆయన పోయిన పదకొండవ దినాన పలకరించారు. పిట్ట ముట్టింది. ఆ పదకొండు దినాలకు ముందున్న ఇరవై ఏళ్లు మాత్రం లక్ష్మికి తిరిగి రావు.